కార్డు గీస్తే ‘డిక్లైన్డ్’ అని వచ్చింది, డబ్బులు మాత్రం కట్ అయ్యాయి: సమాధానం

కడపలో బట్టల షాపులో డెబిట్ కార్డు గీస్తే ‘డిక్లైన్డ్’ (చెల్లింపు కాలేదు) అని వచ్చినా 2,400 రూపాయలు కట్ అయ్యాయని, అదే ఖాతా నుంచి ఎల్లుండి ఈఎంఐ కూడా ఉందని అడిగారు. ఆ డబ్బులు చాలావరకు షాపుకు చేరి ఉండవు. బ్యాంకు డబ్బు తీసుకుంది గానీ, ఆ సంగతి మిషన్‌కు అందలేదు. షాపు వాళ్లతో గొడవపడి లాభం లేదు.

1. ‘డిక్లైన్డ్’ చీటీ పారేయకండి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. దాని మీద ఆర్‌ఆర్‌ఎన్ అని, ఆ లావాదేవీని గుర్తుపట్టే 12 అంకెల నంబర్ ఉంటుంది. ఇప్పుడే ఫోటో తీసుకోండి. మన ఎండలకు పర్సులో ఆ అక్షరాలు నిలవవు. పోయిన వేసవిలో నా చీటీ బ్యాంకులో తీసి చూస్తే తెల్లకాగితం. ఆ నంబర్ కోసం మూడుసార్లు తిరిగాను.

2. కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. 2019 నాటి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం 5 రోజుల్లో డబ్బు వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం.

3. ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.

ఎల్లుండి ఈఎంఐ ఉందన్నారు కదా, అదే అసలు టెన్షన్. డెబిట్ కార్డుతో ఇదే చిక్కు, ఇరుక్కునేది మన సొంత డబ్బే. ముందు ఎక్కడైనా సర్దుకుని ఆ ఖాతాలో 2,400 వేయండి. ఇకపై రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా కార్డు వాడండి.