ఊళ్లో రేడియో, టౌన్లో మనిషి: వానల్లో, పాడు బ్యాండ్‌లో కాంటెస్ట్ ఆడటం దండగా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉద్యోగం ఒంగోలులో, హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి దూరాలతో మాట్లాడే రేడియో), యాంటెనా మాత్రం పల్లెలో అమ్మానాన్నల దగ్గర. సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్ట్‌ని (48 గంటల్లో ఎన్ని దేశాల స్టేషన్లను అందుకుంటామో చూసే పోటీ) ఊళ్లో రేడియోని నెట్ ద్వారా నడిపి ఆడదామంటే సరిగ్గా అక్టోబరు, నవంబరు వానల్లోనే వస్తుంది. నెట్ నిలవదు, ఒక్కోసారి బ్యాండ్ (మనం వాడే షార్ట్‌వేవ్ తరంగాల పట్టీ) కూడా బాగోదు, దూరాలు వినపడవు. ఇంత తంటా పడి ఆడటం దండగా?

దండగ కాదు. బ్యాండ్ బాగున్న రోజు ఆడే ఆటే ఆ రోజూ ఆడతానంటే మాత్రం దండగే. నాలుగేళ్లుగా ఇదే తిప్పలు పడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

నేనుండేది నెల్లూరులో, అపార్ట్‌మెంటులో. డాబా మీద తీగ కడతానంటే అసోసియేషన్ వాళ్లు "పిడుగులు పడతాయి సార్" అన్నారు. వాదించే ఓపిక లేక స్టేషన్‌ని కావలి అవతల మా ఊళ్లోనే పెట్టాను. రెండు సరుగుడు వాసాలు, వాటి మధ్య 40, 20 మీటర్ల బ్యాండ్లకు డైపోల్ తీగలు (మధ్యలో కేబుల్ కట్టి రెండు వైపులా లాగిన యాంటెనా), వంద వాట్ల రేడియో. లైసెన్సులో ఉన్న చిరునామా కూడా ఆ ఇంటిదే. ఈ కాంటెస్టులో రిమోట్‌కి, అంటే దూరం నుంచి నడపడానికి, అభ్యంతరం లేదు, కానీ ట్రాన్స్‌మిటరు, రిసీవరు, యాంటెనాలు అన్నీ ఒకే చోట ఉండాలి. మన ఊళ్లో వినపడట్లేదు కదా అని ఎక్కడో దేశంలో ఉన్న ఆన్‌లైన్ రిసీవరు తెరిచి వింటే అది తొండాట.

మొదటి ఏడు అక్టోబరు ఆఖరి వారాంతంలో వాయిస్ కాంటెస్టు ఆడాను. మన లెక్కలో శనివారం పొద్దున 5.30కి మొదలై సోమవారం పొద్దున 5.30కి ముగుస్తుంది. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. నేను "సీక్యూ కాంటెస్ట్" అని పిలుస్తుండగా నెట్ పోయింది. ట్రాన్స్‌మిట్ చెయ్యమన్న ఆదేశం ఊరికి చేరింది, ఆపమన్నది చేరలేదు. కాసేపటికి నాన్న ఫోను. "ఏందిరా అబ్బయా, నీ పెట్టెలో ఎర్ర లైటు ఆరటం లే, ఫ్యాను రొద పెడతా ఉంది." స్విచ్ కట్టెయ్యమన్నాను. "ఏ స్విచ్చి?" అన్నారు. ఆ గోడకి ఆరున్నాయి. చివరికి ఇంటి మెయినే దించేశారు, ఫ్రిజ్‌తో సహా.

కాబట్టి మీరు స్కోరు గురించి ఆలోచించే ముందు ఈ పని చెయ్యండి. రేడియోలో టైమ్ అవుట్ టైమర్ (ట్రాన్స్‌మిట్ మరీ ఎక్కువసేపు సాగితే తనే ఆపేసేది) ఉంటే పెట్టండి. అక్కడి చిన్న కంప్యూటరుకి మీ దగ్గర్నుంచి మూడు సెకన్ల పాటు కబురు అందకపోతే ట్రాన్స్‌మిట్ దానంతట అదే ఆగిపోయేలా చూడండి. రేడియో స్విచ్‌కి ఎర్ర టేపు అంటించండి. లైసెన్సు మీ పేరు మీద ఉంది, అమ్మానాన్నల పేరు మీద కాదు.

ఆ దెబ్బకి నేను వాయిస్ మానేసి నవంబరు ఆఖర్లో వచ్చే మోర్స్ కాంటెస్టుకి మారాను. నా జవాబులో ముఖ్యమైన ముక్క ఇదే. వాయిస్‌లో మీ గొంతు నెట్ మీద పోతుంది, మధ్యలో ముక్కలు రాలితే అవతలివాడికి మీ కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే పిలుపు పేరు) "వి... టూ... త్ర..." అని వినపడుతుంది. మోర్స్‌లో నేను పంపేది గొంతు కాదు, పదీ ఇరవై అక్షరాలు. ఆ అక్షరాలు ఊళ్లో రేడియోకి చేరాక చుక్కలూ గీతలూ అదే కొట్టుకుంటుంది. నెట్ ఎంత అధ్వాన్నంగా ఉన్నా అర సెకను ఆలస్యమవుతుందేమో గానీ చుక్క విరగదు. పైగా 599 22 అంటే సరిపోయె, 599 అంటే బాగా వినపడుతున్నావని, 22 ఈ కాంటెస్టు లెక్కలో మన ప్రాంతం (జోన్) నంబరు.

ఇక వినడం. చాలామంది నెట్ స్పీడు ఎంతుందని చూస్తారు. స్పీడుతో పని లేదు. 64 కేబీపీఎస్‌లో ఆడియో తెచ్చుకుంటే గంటకు 29 ఎంబీ, 48 గంటలూ కూర్చున్నా ఒకటిన్నర జీబీ దాటదు. చంపేది ఆలస్యంలోని ఎగుడుదిగుడు. ఒకసారి 100 మిల్లీసెకన్లు, ఒకసారి 600 అయితే మోర్స్ లయ పోతుంది, చెవికి ఏమీ అందదు. అందుకని బఫరు (వచ్చిన ఆడియోని కాసేపు పట్టి ఉంచేది) పెంచి, ఎప్పుడూ ఒకే ఆలస్యం ఉండేలా స్థిరపెట్టుకున్నాను. మొదటి గంట విసుగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. ఆడియో సాఫ్ట్‌వేరులో నాయిస్ సప్రెషన్ అని ఒకటి ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆపండి. అది మాటల కోసం చేసింది, బలహీనమైన మోర్స్ సిగ్నల్‌ని చప్పుడనుకుని తుడిచేస్తుంది. సిమ్ నెట్ అయితే బయటి నుంచి నేరుగా లోపలికి రానివ్వదు, వీపీఎన్ (రెండు చోట్లనీ నెట్ మీద కలిపే సొంత దారి) పెట్టుకోక తప్పదు.

ఉరుములు దగ్గర్లో ఉన్నప్పుడు ఆడకండి. ఆ సమయంలో నాన్నను పోయి యాంటెనా కేబుల్ పీకమనడం ఇంకా తప్పు. పిడుగుల హెచ్చరిక ఉంటే ముందు రోజే తీయించేస్తాను.

సూర్యుడి సంగతి కూడా చెప్పాలి. ఒకసారి పట్టపగలు బ్యాండ్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. యాంటెనా తెగిందనుకున్నాను, నెట్ అనుకున్నాను. మీడియం వేవ్‌కి తిప్పితే దగ్గరి ఆకాశవాణి శుభ్రంగా వినపడింది. అంటే తీగా, నెట్టూ రెండూ బాగానే ఉన్నాయి. సూర్యుడి మీద పేలుడు జరిగితే పగలున్న వైపు షార్ట్‌వేవ్‌ను పై గాలి మింగేస్తుంది, కింది బ్యాండ్లు ముందు పోయి చివర్లో తేరుకుంటాయి. అలాంటప్పుడు సెట్టింగులు కెలకకుండా అన్నం తిని రావాలి. కే ఇండెక్స్ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలత చెందిందో చెప్పే అంకె) 5కి చేరిన రోజు వేరే కథ. మన నుంచి అమెరికా దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది, అది మూసుకుపోతుంది. మనవాళ్లు చాలామంది ఆ రోజు కూడా అమెరికా కోసమే కూర్చుంటారు, నాకు అర్థం కాదు. మనం భూమధ్య రేఖకి దగ్గర, దక్షిణానికి దారులు అంత తేలిగ్గా చెడవు. ఆస్ట్రేలియా, ఆఫ్రికా వైపు చెవి పెట్టండి. ఖండం మారితే 3 పాయింట్లు, ఆసియాలోనే ఇంకో దేశమైతే 1. భారతదేశం నుంచి ఆడేవాళ్లు తక్కువ కాబట్టి మన కాల్‌సైన్ కోసం వాళ్లూ వెతుకుతుంటారు, వెంటపడటం కంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండి పిలవడం నయం.

మా ఊరి అసలు శత్రువు సూర్యుడు కాదు, కరెంటు లైను. సముద్రపు గాలికి స్తంభాల మీది పింగాణీలకు ఉప్పు పేరుకుంటుంది, సాయంత్రం తేమ తగలగానే అవి చిటపటలాడతాయి. చుట్టూ రొయ్యల గుంటలు, రాత్రయితే ఏరియేటర్ల మోటార్లు. మామూలు రోజున 40 మీటర్ల మీద చప్పుడే రేడియో మీటరు మీద ఎస్7 (ఎస్ అంటే సిగ్నల్ బలం కొలత) ఉంటుంది. గట్టి వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది. కరెంటు పోతే ఇంకేముంది, మీటరు ఎస్2కి దిగుతుంది! ఊరంతా కరెంటాఫీసుకి ఫోన్లు చేస్తుంటే నేను నెల్లూరులో కూర్చుని లోలోపల సంబరపడతాను. నాన్నకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సంబరం నిలవాలంటే రేడియో, కంప్యూటరు, సిమ్ రౌటరు మూడూ బ్యాటరీ మీద నడవాలి. మా దగ్గరున్నది 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ. వంద వాట్ల దగ్గర రేడియో 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు పోగానే 25 వాట్లకు దించుతాను. నాలుగో వంతు అయినా అవతలివాడికి తగ్గేది 6 డీబీ, అంటే ఒక్క ఎస్ యూనిట్. వోల్టేజీ 11.7 కంటే పడితే సిగ్నల్ పాడవుతుంది, అక్కడితో ఆపాలి. వోల్టేజీ ఇక్కడి నుంచే కనపడేలా పెట్టుకోండి, ఫోన్లో నాన్నను మీటరు చదవమంటే కాదు.

పోయిన నవంబరులో ఆదివారం రాత్రి రెండింటికి కరెంటు పోయింది. కే ఇండెక్స్ 5. సోమవారం ఐదు దాటాక, ఆట ముగియడానికి ఇరవై నిమిషాల ముందు, 40 మీటర్ల మీద ఎక్కడో అడుగున బ్రెజిల్ స్టేషన్ ఒకటి. 25 వాట్లతో నాలుగు సార్లు పిలిచాను. నాలుగోసారి నా కాల్‌సైన్ తిరిగొచ్చింది, చివరి అక్షరం తప్పుగా. మళ్లీ పంపి సరిచేసేసరికి బ్యాటరీ 11.8. అది 212వ కాంటాక్ట్. రేడియో ఆపేసి పడుకున్నాను.