స్పైడర్‌మ్యాన్ సినిమాలు: నా వరుస, మా అమ్మమ్మ సాక్ష్యం

అడిగిన ప్రశ్న ఇది: "2002 నుంచి 2021లో వచ్చిన 'నో వే హోమ్' వరకు నటులతో తీసిన ఎనిమిది స్పైడర్‌మ్యాన్ సినిమాలను, అట్టడుగు నుంచి మొదటి స్థానం వరకు, మీరైతే ఏ వరుసలో పెడతారు?"

ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబులు వసూళ్లను బట్టో, గ్రాఫిక్స్‌ను బట్టో, ముగ్గురు హీరోల్లో (టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, టామ్ హాలండ్) ఎవరు నచ్చారన్నదాన్ని బట్టో ఉంటాయి. నా కొలత వేరు. పీటర్ పార్కర్ ముసుగు వేసుకున్నందుకు అతని ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారో ఏ సినిమా స్పష్టంగా చూపిస్తుందో అదే మంచి స్పైడర్‌మ్యాన్ సినిమా. ఇది నేను కల్పించిన కొలత కాదు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఈ పాత్రను సృష్టించినప్పుడే అతన్ని డబ్బులేని ఇంటి పిల్లవాడిగా తయారుచేశారు. మరుసటి సంవత్సరం అతని పేరుతో సొంత పత్రిక మొదలైతే, దాని తొలి సంచికలోనే, పీటర్‌ను పెంచిన అంకుల్ బెన్ పోయిన తర్వాత ఇంటద్దె ఎలా కట్టాలన్న బెంగ కనిపిస్తుంది. అద్దె బెంగ లేని స్పైడర్‌మ్యాన్, గోడలు ఎక్కగలిగిన మరో హీరో మాత్రమే. 2018లోను, 2023లోను వచ్చిన యానిమేషన్ చిత్రాలు మైల్స్ మొరాలెస్ అనే మరో పిల్లవాడి కథలు కాబట్టి వాటిని ఈ వరుసలో కలపడం లేదు.

అన్నిటికంటే కింద నేను పెట్టేది 2014లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2'. ఆండ్రూ గార్‌ఫీల్డ్ నటనలో లోపం లేదు, ఎమ్మా స్టోన్‌తో అతని సన్నివేశాలు ఈ ఎనిమిది చిత్రాల్లోకెల్లా సహజమైన ప్రేమ సన్నివేశాలు. గడియారపు గోపురంలో స్టోన్ పోషించిన ప్రియురాలు గ్వెన్ పడిపోతున్నప్పుడు, ఆమె వెనకే కిందికి దూసుకువెళ్లే సాలెతీగ చివర చెయ్యి చాచినట్టు విచ్చుకోవడం, తీగ ఆమెను అందుకున్నా తల నేలకు తగలడం చూసి ఇప్పటికీ నాకు గుండె ఆగినట్టవుతుంది. 1973 నాటి కామిక్‌లో జరిగిన ఆ మరణాన్ని తెర మీదికి తేవడానికి ధైర్యం కావాలి. కానీ ఆ ఒక్క ఘట్టం చుట్టూ కట్టిన కథ తప్పుడు పునాది మీద నిలబడింది. సాలీడులను పీటర్ తండ్రి తన డీఎన్‌ఏ కలిపి తయారుచేశాడు కాబట్టి శక్తి ఆ కొడుక్కి మాత్రమే అబ్బుతుందని చెప్పిన క్షణంలో, ఎవరికైనా జరగగలిగిన సంగతి కాస్తా వంశపారంపర్య హక్కుగా మారిపోయింది. పీటర్‌ను కాలేజీలో చదివించడం కోసం బెన్ భార్య మే ఆంటీ అతనికి తెలియకుండా నర్సు శిక్షణకు వెళుతుంటుంది. ఒక సినిమాకు సరిపోయే ఆ విషయాన్ని విలన్ ఎలక్ట్రో మెరుపుల మధ్య చిటికెలో దాటవేయడాన్ని నేను క్షమించలేను.

ఏడో స్థానం 2019 నాటి 'ఫార్ ఫ్రమ్ హోమ్'ది. విలన్ మిస్టీరియో కల్పించే భ్రమల సన్నివేశం అద్భుతమే. అయినా మరణించిన కోటీశ్వరుడు టోనీ స్టార్క్ (ఐరన్‌మ్యాన్) వదిలివెళ్లిన కళ్లజోడు పెట్టుకుని, ఆకాశంలోని డ్రోన్లకు ఆజ్ఞలివ్వగలిగే కుర్రవాడిలో నాకు పీటర్ పార్కర్ కనిపించడు. వెనిస్, ప్రాగ్, లండన్ తిరిగి వచ్చినా ఆ పిల్లవాడికి ఖర్చయింది తక్కువ.

ఆరోది 2007 నాటి 'స్పైడర్‌మ్యాన్ 3'. చాలామంది దీనిని పీటర్ నల్లదుస్తుల ప్రభావంలో వీధిలో చేసే నాట్యం వల్ల తప్పుపడతారు. నా అభ్యంతరం అంతకంటే పెద్దది. మొదటి సినిమాలో పీటర్ కోపంతో వదిలేసిన దొంగే బెన్‌ను చంపాడు, ఆ అపరాధ భావమే అతన్ని వీధుల్లోకి పంపింది. మూడో సినిమాకు వచ్చేసరికి అసలు తుపాకి పట్టుకున్నవాడు, ఇసుకమనిషిగా మారే ఫ్లింట్ మార్కో అని మార్చేశారు. పునాదిలోని రాయిని పీకి పై అంతస్తుకు వాడుకున్నట్టయింది. అయినా దీన్ని ఆరో స్థానం దాకా తీసుకువచ్చింది ఒక్క సన్నివేశం. ఇసుకగా చెదిరిపోయిన మార్కో, మాట అన్నది లేకుండా, రేణువు రేణువు కూడుకుని లేవబోతాడు. కూతురి బొమ్మ ఉన్న లాకెట్‌ను అందుకోబోతే వేళ్లు రాలిపోతాయి, మళ్లీ కూడుకుంటాడు. అది చూసినప్పుడు, మొదటి మూడు చిత్రాలు తీసిన శామ్ రైమీ ఎలాంటి దర్శకుడో అర్థమవుతుంది.

ఐదోది 2012 నాటి 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్'. పదేళ్ల కిందటే చెప్పిన కథను మళ్లీ మొదటి నుంచి చెప్పడం వల్ల దీనికి అన్యాయమే జరిగింది. మన ఇర్ఫాన్ ఖాన్‌ను తీసుకుని, అలాంటి నటుడికి చేయడానికి దాదాపు ఏమీ ఇవ్వకపోవడం మాత్రం ఆ చిత్రం చేసిన అన్యాయం. దీన్ని ఇంత పైకి తెచ్చింది కోడిగుడ్లు. వచ్చేటప్పుడు గుడ్లు తెమ్మని మే ఆంటీ చెబుతుంది. పీటర్ మరచిపోతాడు. ఊరినంతా కాపాడి, ముఖం నిండా గాయాలతో ఆ రాత్రి ఇంటికి వచ్చినప్పుడు సంచీలోంచి గుడ్ల పెట్టె తీసి ఆమె చేతిలో పెడతాడు. ఆమె ఏమీ అడగదు.

నాలుగోది 2017 నాటి 'హోమ్‌కమింగ్'. ఇందులో టోనీ స్టార్క్ ఇచ్చిన ఖరీదైన దుస్తులు పీటర్ దగ్గర ఉన్నంతసేపు నాకు పెద్దగా పట్టలేదు. వాటిని వెనక్కి తీసుకున్న తర్వాతే సినిమా మొదలైందని నా నమ్మకం. ఇంట్లో కుట్టుకున్న మామూలు బట్టలతో శిథిలాల కింద ఇరుక్కుని, సాయం కోసం ఏడుస్తూ కేకలు వేసే పదిహేనేళ్ల పిల్లవాడిని టామ్ హాలండ్ కళ్లకు కట్టాడు. ప్రభుత్వం వచ్చి కాంట్రాక్టు లాగేసుకోవడంతో దొంగదారి పట్టిన మైకెల్ కీటన్ పాత్ర, కారులో వెనక కూర్చున్న పీటర్ ఎవరో గ్రహించే క్షణంలో కీటన్ ముఖం మీద సిగ్నల్ వెలుగు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారడం గమనించండి. కొట్లాట ఏమీ లేని ఆ కారు ప్రయాణం, విమానం మీద జరిగిన చివరి పోరాటం కంటే పదింతలు భయపెడుతుంది.

మూడోది 'నో వే హోమ్'. మన దేశంలో ఇది 2021 డిసెంబరు 16న, అమెరికా కంటే ఒక రోజు ముందే విడుదలైంది. మర్నాడే 'పుష్ప' వచ్చింది. ముగ్గురు పీటర్లు ఒకే తెర మీద నిలబడినప్పుడు హాల్లో వినిపించిన కేకలను నేనూ వేశాను. అయితే దీన్ని మూడో స్థానంలో పెట్టింది ఆ కేకల కోసం కాదు. కాలేజీ సీటు కోసం లోకం జ్ఞాపకాన్నే మార్చమని మంత్రగాడిని అడగడంతో మొదలయ్యే కథ బలహీనమైనది. కానీ ముగింపులో మే ఆంటీ లేదు, స్నేహితులకు అతనెవరో తెలియదు, కోటీశ్వరుల సాయమూ లేదు. మంచు కురుస్తుంటే అద్దెగదిలో ఒంటరిగా కుట్టుమిషన్ ముందు పెట్టుకుని తన దుస్తులు తానే కుట్టుకున్న ఆ పిల్లవాడు, నేను ఇరవై ఏళ్లుగా ఎరిగిన పీటర్ పార్కర్. పడిపోతున్న హాలండ్ ప్రియురాలు ఎమ్‌జేని, గ్వెన్‌ను కాపాడలేకపోయిన గార్‌ఫీల్డ్ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకునే ఘట్టం, 2014 సినిమా పడ్డ అప్పును తీర్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఆ సినిమా తెలుగు డబ్బింగ్‌ను మా అమ్మకు చూపించాలని హైదరాబాదులో వెతికితే, మా ఇంటికి దగ్గరలోని మల్టీప్లెక్సులో తెలుగు ఆట ఉదయం ఒక్కటే దొరికింది. తక్కినవన్నీ ఇంగ్లీషు ఆటలు. తెలుగు మాటలు ఎవరికి అవసరమో, ఆ పెద్దవాళ్లకు ఇంటిపనులు తెమిలేవేళకు ఆట ఉండదు. డబ్బింగులో చూడటం తక్కువ రకం చూడటమని అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. వారికి చెప్పడానికే నేను ఈ జవాబు మొదలుపెట్టానేమో.

రెండో స్థానం 2002 నాటి మొదటి 'స్పైడర్‌మ్యాన్'ది. మూడు నిమిషాలు నిలబడితే 3000 డాలర్లు ఇస్తామన్న కుస్తీల నిర్వాహకుడు పీటర్ చేతిలో 100 పెట్టి పంపుతాడు. ఆ ఉక్రోషంతోనే అతను ఎదురుగా పరుగెత్తుకొస్తున్న దొంగకు దారి ఇస్తాడు. నీతి కథలా కాకుండా, డబ్బు అందని కుర్రవాడి కోపంలా ఆ సన్నివేశాన్ని తీశారు కాబట్టే బెన్ మరణం అంతగా తగులుతుంది. విలెమ్ డఫో అద్దంతో మాట్లాడే సన్నివేశం ఒక్కటి చాలు, అలాంటి ముఖానికి కదలిక లేని ఆకుపచ్చ ముసుగు తొడగడం ఎంత నష్టమో చెప్పడానికి. ఆ ముసుగు లేకుంటే దీనికి మొదటి స్థానం దక్కేదని నా అభిప్రాయం.

మొదటిది 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2'. దీనికి గ్రాఫిక్స్‌లో ఆస్కార్ వచ్చిందని అందరూ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరే.

అప్పుడు మేము తెనాలిలో ఉండేవాళ్లం, నేను ఇంటర్ రెండో సంవత్సరం. తెలుగు డబ్బింగ్ మా ఊరికి ఆలస్యంగా వచ్చింది. తమ్ముడితో కలిసి వెళ్లడానికి రెండు టికెట్లు తెప్పించుకుంటే, ఆ ఉదయమే వాడికి జ్వరం తగిలింది. ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. టికెట్టు దండగవుతుందని అమ్మమ్మ తానే చీర మార్చుకుని బయలుదేరింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఇంగ్లీషు సినిమా అన్నది ఆమె జన్మలో చూడలేదు. మ్యాట్నీకి హాలు సగమే నిండింది, పైన ఫ్యాన్లు చప్పుడు చేస్తూ తిరుగుతున్నాయి. పీటర్ పిజ్జాలు సమయానికి చేర్చలేక ఉద్యోగం పోగొట్టుకుంటుంటే ఆమె వక్కపొడి నములుతూ పెద్దగా పట్టించుకోకుండా కూర్చుంది.

తర్వాత అతని పుట్టినరోజు రాత్రి సన్నివేశం వచ్చింది. ఇంటి అప్పు కట్టలేదని మే ఆంటీకి బ్యాంకు నోటీసు వచ్చి ఉంటుంది, పీటర్ దాన్ని చూస్తాడు. ఆమె తన సంచీలోంచి 20 డాలర్ల నోటు తీసి అతని చేతిలో పెట్టబోతుంది. అతను వద్దంటాడు. ఆమె ఒక్కసారిగా గొంతు పెంచి, తీసుకోమని కసురుతుంది, వెంటనే ఏడ్చేస్తుంది. మే ఆంటీగా రోజ్‌మెరీ హారిస్ ఆ కసురులో చూపించిన అవమానాన్ని, ప్రేమను నేను ఏ సూపర్‌హీరో సినిమాలోనూ మళ్లీ చూడలేదు. నేను పక్కకు తిరిగి చూసేసరికి అమ్మమ్మ నమలడం మానేసింది. ఆమె చెయ్యి తన కొంగు చివరి ముడి మీద ఉంది. మా ఇంటికి వచ్చి తిరిగి వెళ్లే ప్రతిసారీ ఆమె ఆ ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు తీసి, అమ్మ చూడకుండా నా పిడికిట్లో పెట్టేది. మడతల దగ్గర మెత్తబడి, వక్కపొడి వాసన వేసే నోటు. వద్దంటే ఆమె కూడా సరిగ్గా అలాగే కసిరేది.

ఆ తర్వాత అమ్మమ్మ తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. బెన్ చావుకు కారణం తానేనని పీటర్ బల్ల దగ్గర కూర్చుని ఒప్పుకున్నప్పుడు, మే ఆంటీ ఒక్క మాట కూడా అనకుండా అతని చేతిలోంచి తన చెయ్యి తీసుకుని మేడ మీదికి వెళ్లిపోతుంది. "అంతే, అంతకంటే ఏం చేస్తుంది" అంది అమ్మమ్మ పైకే. రైలు సన్నివేశంలో, రెండు పక్కల భవనాలకు తీగలు విసిరి, గుండె చీలేంతగా లాగి ఆపి స్పృహ తప్పిన పీటర్‌ను ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి మోసుకువచ్చి పడుకోబెడతారు. ముసుగు లేని ఆ ముఖం చూసి, ఇతను ఉత్త పిల్లవాడని, తన కొడుకు కంటే పెద్దవాడేమీ కాదని తెర మీద ఒకాయన అంటాడు. ఆయన అనడానికి ఒక్క క్షణం ముందు అమ్మమ్మ "పసివాడే" అంది. ముందు వరుసలోని ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నవ్వలేదు.

ఇంగ్లీషులో చూసి ఉంటే ఆమె రైలును చూసి ఉండేది, పిల్లవాడిని చూసి ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సినిమా మా ఊళ్లో వారం కూడా నిలవలేదు. శుక్రవారం కొత్త చిత్రం రాగానే పోస్టరు మీద పోస్టరు అంటించేశారు. జ్వరం తగ్గిన మా తమ్ముడికి అది థియేటర్లో చూసే అవకాశమే దక్కలేదు, దాని గురించి వాడు ఇప్పటికీ బాధపడతాడు.

తిరిగి వస్తున్నప్పుడు రిక్షాలో అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గోడలు ఎలా ఎక్కుతాడని గాని, విలన్‌కున్న ఆ నాలుగు ఇనుప చేతులు నిజమైనవేనా అని గాని అడగలేదు. గాంధీ చౌక్ దాటిన తర్వాత అడిగింది.

"ఏమే, ఆ ముసలావిడ ఇల్లు చివరికి బ్యాంకువాళ్లు తీసేసుకున్నారా?"

"తీసేసుకున్నారు అమ్మమ్మా. సామాన్లు సర్దుకుని చిన్న ఇంటికి మారుతున్నట్టు చూపించారుగా."

మా తాతయ్య ఉన్నప్పుడే, అప్పుల కింద అమ్మమ్మవాళ్ల ఊళ్లోని ఇల్లు పోయింది. ఆ సంగతి ఆమె నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు. "పిల్లాడైతే దగ్గరున్నాడు" అని మాత్రం అని, రిక్షా దిగేముందు కొంగు ముడి విప్పింది.