గాయకుడు మారిన జూడాస్ ప్రీస్ట్

ప్రశ్న: జూడాస్ ప్రీస్ట్‌లో మధ్యలో వేరే గాయకుడు పాడాడట, నిజమేనా? ఆ బ్యాండ్ ఇంకా ఉందా?
- ఒక పాఠకుడు

జవాబు: నిజమే. 1969లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రాంతంలో మొదలైన హెవీ మెటల్ (గిటార్ల హోరుతో సాగే గట్టి రాక్ సంగీతం) బ్యాండ్ ఇది, అందరికీ తెలిసిన గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ చేరింది 1973లో, అంటే ఆయన కూడా మొదటి గాయకుడు కాదు! 1980లో ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బమ్‌తో పేరు మారుమోగింది. మెటల్ వాళ్లంతా తోలు జాకెట్లు, ఇనుప బొడిపెల బెల్టులు వేసుకుంటారు చూశారూ, ఆ వేషానికి ముఖ్య కారకులు వీళ్లే. 1992లో హాల్‌ఫర్డ్ వెళ్లిపోయాక, 1996లో టిమ్ ఓవెన్స్ అనే అమెరికన్‌ని తెచ్చుకున్నారు, ఆయన అంతకుముందు వీళ్ల పాటలే పాడే ఒక గ్రూపులో ఉండేవాడు, అంటే అభిమానే వచ్చి మైకు పట్టుకున్నాడన్నమాట. రెండు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు. నన్నడిగితే గొంతు అదిరింది, పాటలే అంతంతమాత్రం. 2003లో హాల్‌ఫర్డ్ తిరిగొచ్చాడు.

బ్యాండ్ ఉంది. 2011లో గిటారిస్ట్ కె.కె. డౌనింగ్ తప్పుకున్నాడు, ఇంకో గిటారిస్ట్ గ్లెన్ టిప్టన్‌కి పార్కిన్సన్స్ జబ్బని 2018లో బయటపెట్టారు, అయినా 2024లో ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ తెచ్చారు. కొత్తగా వినేవాళ్లయితే మాత్రం ‘బ్రిటిష్ స్టీల్’తో మొదలుపెట్టండి.