పోస్టల్ ఓటు ఎక్కడ చెల్లకుండా పోతుంది?

ప్రశ్న: సార్, నేను గవర్నమెంట్ టీచర్‌ని. 2024లో ఎలక్షన్ డ్యూటీ పడితే పోస్టల్ బ్యాలెట్ వేశా. నాతో పాటు వేసిన ఇంకో మేడమ్ డిక్లరేషన్ మీద సంతకం పెట్టానో లేదో గుర్తులేదు అని ఇప్పటికీ మథనపడుతోంది. సంతకం లేకపోతే ఓటు పోయినట్టేనా? అసలు రెండు కవర్లు ఎందుకు?
- ఒక టీచర్, నంద్యాల జిల్లా

జవాబు: పోయినట్టేనమ్మా, చెప్పడానికి మనసొప్పట్లేదు గానీ రూల్ అదే. నేనూ ఒకసారి పోస్టల్ కౌంటింగ్ టేబుల్ దగ్గర పనిచేశా. పొద్దున 8కి మొదలయ్యేది మన పోస్టల్ ఓట్లతోనే, పెద్ద కవర్ చింపగానే ముందు వెతికేది ఓటు కోసం కాదు, ఫారం 13ఏ కోసం, అంటే ఈ బ్యాలెట్ నాకే ఇచ్చారని మీరు రాసిచ్చే డిక్లరేషన్. అది ఉందా, దాని మీద ఓటరు సంతకం, అటెస్టేషన్ (ఆ సంతకం మీదేనని ఆఫీసర్ ధ్రువీకరించడం) ఉన్నాయా, అందులో రాసిన బ్యాలెట్ సీరియల్ నంబరూ చిన్న కవర్ మీద నంబరూ ఒకటేనా, ఇవన్నీ సరిపోతేనే చిన్న కవర్ పక్కన చేరుతుంది, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ చిన్న కవర్ అసలు తెరవరు. ఆ రోజు ఒకదాంట్లో డిక్లరేషన్ కనపడలేదు, చిన్న కవరేమో చేతికి లావుగా తగిలింది, పాపం ఆ కాగితం కూడా అందులోనే పెట్టి అంటించేసినట్టున్నారు. అయినా తెరవడానికి లేదు, రిజెక్టెడ్ అని రాసి పక్కన పెట్టాం. ఎన్నేళ్లయినా ఆ కవర్ మర్చిపోలేను.

రెండు కవర్లు మీ ఓటు రహస్యం కోసమే. పేరున్న కాగితం బయటి కవర్లో, ఓటు లోపలి కవర్లో, రెండూ విడదీశాకే లోపలిది తెరుస్తారు. బ్యాలెట్ మీద టిక్కు పెట్టినా ఇంటూ పెట్టినా ఓటు ఏ అభ్యర్థికి వేశారో స్పష్టంగా తెలిస్తే చాలు, సంతకం మాత్రం అక్కడ పెట్టొద్దు, మీరెవరో తెలిసే గుర్తు ఏదున్నా ఆ ఓటు చెల్లదు.

2024లో మన ఆంధ్రలో అటెస్టేషన్ మీద పెద్ద గొడవే అయింది కదా, ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్, అంటే నియోజకవర్గ ఎన్నికల అధికారి) నియమించిన ఆఫీసర్ సంతకం ఉండి పేరు, సీలు లేకపోతే చెల్లుతుందా అని హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కౌంటింగ్ జూన్ 4న అయితే 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది, చెల్లుతుందన్న ఎలక్షన్ కమిషన్ మాటే నిలిచింది. కానీ అది ఆఫీసర్ సీలు సంగతి, మీ సంతకానికి ఏ మినహాయింపూ లేదు. 2023లో రూల్ మారాక డ్యూటీలో ఉన్నవాళ్లు ఫెసిలిటేషన్ సెంటర్లోనే, అంటే వాళ్ల కోసం పెట్టే ప్రత్యేక ఓటింగ్ కేంద్రంలోనే వేయాలి, ఇంటికి తీసుకెళ్లడానికి లేదు, కాబట్టి అక్కడే ఒక్క నిమిషం ఆగి 13ఏ చూసుకుని అప్పుడు కవర్ అంటించండి.

ప్రశ్న: మా మామయ్యగారికి 87 ఏళ్లు, మంచం దిగలేరు. ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చా?
- ఒక కోడలు, ఖమ్మం

జవాబు: వేయొచ్చమ్మా. మొదట్లో 80 దాటినవాళ్లకి ఇచ్చారు, 2024లో దాన్ని 85 చేశారు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకీ ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక 5 రోజుల్లోపే ఫారం 12డి, అంటే పోస్టల్ బ్యాలెట్ కోసం దరఖాస్తు ఇవ్వాలి, ఆ ఫారం బీఎల్వో (మీ బూత్ లెవల్ ఆఫీసర్) ఇంటికే తెచ్చిస్తారు, రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి. తర్వాత టీమ్ ఇంటికొస్తుంది, వీడియో తీస్తారు గానీ ఆయన ఎవరికి వేశారో ఎవరికీ కనపడకుండా చాటు పెట్టాలి, మీరు కూడా తొంగి చూడకండి, ఆయన ఓటు ఆయనది. ఒకసారి పోస్టల్ బ్యాలెట్‌కి ఒప్పుకున్నాక మళ్లీ బూత్‌లో వేయనివ్వరు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ఇండియన్ పాస్‌పోర్టే. పోస్టులో వేయొచ్చా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: లేదండీ. సైన్యంలో ఉన్నవాళ్లకి బ్యాలెట్ ఆన్‌లైన్లో వెళ్తుంది, ప్రింట్ తీసి ఓటేసి పోస్టులో పంపిస్తారు, కౌంటింగ్ మొదలయ్యేలోపు ఆర్వోకి చేరాలి. ఎన్నారైలకి కూడా అలాగే ఇద్దామని 2020లో ఎలక్షన్ కమిషనే అడిగింది, ఇంకా అమల్లోకి రాలేదు, రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నా. ఇప్పటికైతే మీవాడు ఫారం 6ఏతో పేరు నమోదు చేసుకుని, పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని మీ బూత్‌కే రావాలి.