ముందు సీటుకు నేల, వెనక సీటుకు ఆకాశం

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో కొబ్బరి తోటల గురించి జవాబిస్తూ, మా నాన్నగారు రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపారని మాటవరసకు ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకు ఎప్పుడూ రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మూడోదానికి జవాబు పెద్దదయింది, మన్నించాలి.

ప్రశ్న: మా కాకినాడ మీద జపాన్ వాళ్లు బాంబులు వేశారని మా తాతయ్య చెబుతారు. స్కూల్లో చెబితే ఎవరూ నమ్మడం లేదు. అది నిజమేనా? మీ నాన్నగారి విమానం ఎలా ఉండేది?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కాకినాడ

జవాబు: నిజమే బాబూ, తాతయ్య మాట నమ్ము. 1942 ఏప్రిల్ 6న రియుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఒకే రోజు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. రేవు, అందులోని ఓడలు వాటి గురి.

మా నాన్నగారు అప్పుడు మీ ఊళ్లోనే అద్దె గదిలో ఉండి చదువుకుంటున్నారు. ఆయనకు ఇరవై ఒక్కటో ఏడు. బాంబు చప్పుడు కంటే ఆ సాయంత్రం ఊరు ఖాళీ అయిన తీరు ఆయనకు ఎక్కువ గుర్తుండిపోయింది. ఎడ్ల బళ్ల మీద బిందెలు, పరుపులు, వాటి పైన ముసలివాళ్లు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదట. ఆయన కోటిపల్లి రేవు దాటి మా లంకకు చేరేసరికి గది తాళంచెవి జేబులోనే ఉండిపోయింది. ఇచ్చేద్దామని కొన్నాళ్లకు వెళితే ఇంటివాళ్లు తిరిగి రానేలేదు. ఆ తాళంచెవి ఇప్పుడు నా బీరువాలో ఉంది.

ఆ జూన్‌లో ఆయన వైమానిక దళానికి దరఖాస్తు పెట్టుకున్నారు. లాహోరు పక్కన వాల్టన్‌లో తొలి పాఠాలు, మన బేగంపేటలో టైగర్ మాత్ అనే శిక్షణ విమానం మీద ఎగరడం, ఆ తరువాత అంబాలా. 1944 మొదట్లో ఎనిమిదో స్క్వాడ్రన్‌లో చేరారు. చిట్టగాంగ్ వైపు నుంచి లేచి, బర్మాలోని అరకాన్ కొండల్లో పాతుకుని కూర్చున్న జపాన్ సైన్యం మీద బాంబులు వేయడం వాళ్ల పని.

విమానం పేరు వల్టీ వెంజెన్స్, అమెరికాలో తయారైంది. మామూలు విమానాలకు రెక్క ముందు అంచును కాస్త పైకెత్తి బిగిస్తారు. దీనికి అలా ఎత్తకుండా తిన్నగా బిగించారు. అందువల్ల మామూలుగా ఎగిరేటప్పుడు ముక్కు పైకెత్తుకుని వికారంగా కనిపించేది. ముక్కును నేలవైపు తిప్పి నిలువునా వదిలితే మాత్రం పక్కకు జారకుండా, బావిలోకి చేద దిగినట్టు దిగేది. పది పన్నెండు వేల అడుగుల ఎత్తు నుంచి దూకడం మొదలుపెట్టేవారు. వేగం మితిమీరకుండా రెక్కల పైనా కిందా జల్లెడలాంటి పలకలు తెరుచుకునేవి. 500 పౌండ్ల బాంబులు రెండు కడుపులో, 250 పౌండ్లవి రెండు రెక్కల కింద. బాంబులు వదిలి విమానాన్ని పైకి లాగేటప్పుడు ఒంట్లో రక్తమంతా కాళ్లలోకి దిగిపోయినట్టయి కళ్లు చీకట్లు కమ్మేవట.

అందులో ఇద్దరే ఉంటారు. ముందు పైలట్. వెనక సీటులో తుపాకీ, రేడియో చూసుకునే మనిషి తోకవైపు తిరిగి కూర్చుంటాడు. విమానం నిలువునా దిగుతుంటే ముందు కూర్చున్నవాడికి కనిపించేదంతా నేల. వెనకవాడు వెల్లకిలా పడుకున్నట్టయిపోతాడు, అతనికి కనిపించేదంతా ఆకాశం. తిరిగి పైకి లేచేటప్పుడు ఇది తారుమారు అవుతుంది. పైలట్ కళ్ల ముందు ఆకాశం ఉంటుంది, బాంబు ఎక్కడ పడిందో చూసేది వెనకవాడే. ఈ సంగతి మనసులో ఉంచుకో, కింద మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా తండ్రిగారు క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. సరిగ్గా అదే సమయంలో తెల్లవాళ్ల యూనిఫాం తొడుక్కున్నవారిని గౌరవంగా తలచుకోవడం సబబేనా? మిమ్మల్ని నొప్పించాలని అడగడం లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయులు, భీమవరం

జవాబు: మాస్టారూ, నొచ్చుకోలేదు. ఈ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టి పెరిగింది.

1942 ఆగస్టు తరువాత మా పెదనాన్నగారు రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉన్నారు. ఆ చలికాలంలో మా నాన్నగారు బేగంపేటలో ఉన్నారు. నాయనమ్మ ఒకే మూకుడులో మినుములు వేయించి, ఒకే తిరగలిలో విసిరి, సున్నుండలు చుట్టి రెండు డబ్బాల్లో సర్దేది. ఒకటి జైలుకు, రెండోది విమానాల బడికి. జైలువాళ్లు డబ్బా లోపలికి పంపారో లేదో తెలియక, ఆ సంవత్సరమంతా తాను మాత్రం సున్నుండ నోట పెట్టలేదట.

అన్నదమ్ములిద్దరూ ఆ తరువాత యాభై ఏళ్లు ఒకే పెరటి గోడకు అటూ ఇటూ బతికారు. వేసవి రాత్రుళ్లు అరుగు మీద కూర్చుని వాదించుకునేవారు. ‘నువ్వు ఎవరి జెండా కింద ఎగిరావురా?’ అని పెదనాన్నగారు. ‘కాకినాడ మీద బాంబు వేసినవాడు నీ జెండా చూసి ఆగేవాడా అన్నయ్యా?’ అని నాన్నగారు. ఒకరు ఇంకొకరిని ఒప్పించడం నేను చూడలేదు. 1972లో పెదనాన్నగారికి స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చే తామ్రపత్రం వచ్చింది. కొంతకాలానికి అది నల్లబడితే చింతపండుతో తోమి, గోడకు మేకు కొట్టి తగిలించింది మా నాన్నగారు. ఆ తరువాత ప్రతి ఉగాదికీ తోమేవారు.

సబబేనని నా నమ్మకం మాస్టారూ. మీ తండ్రిగారి పక్కనే, ఆయన కంటే ఒక్క మెట్టు కూడా పైన కాకుండా.

ప్రశ్న: మా తాతగారు యుద్ధకాలపు బాంబర్ పైలట్. శతజయంతి దాటిపోయింది, ఆలస్యంగానైనా ఒక చిన్న పుస్తకం వేయాలని మా ఆలోచన. ఆయన యుద్ధం గురించి ఇంట్లో నోరు విప్పలేదు. లాగ్‌బుక్ ఒక్కటే ఉంది. మా మామ్మకు తొంభై నాలుగేళ్లు. ఆమెను అడిగితే ఆయన పిల్లలకు జడలు వేసేవారనీ, పులుసులో బెల్లం ఎక్కువైతే అలిగేవారనీ చెబుతుంది తప్ప, యుద్ధం మాట రాదు. పుస్తకానికి పనికివచ్చేవి ఎలా సంపాదించాలి? ఇంకొక సంగతి. లాగ్‌బుక్ చివరి పేజీల నిండా ధాన్యం లెక్కలు, పిల్లల ఎత్తులు రాసి ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా కోసి తీసేసి, విమానాల పేజీలు మాత్రం అట్ట కట్టిద్దామని మా అన్నయ్య అంటున్నాడు. మీ సలహా?
– ఒక మనవరాలు, రాజోలు

జవాబు: అమ్మా, ముందు ఆ కత్తెర మీ అన్నయ్య చేతిలోంచి తీసేయండి. దాని సంగతి తరువాత చెబుతాను.

లాగ్‌బుక్ చదవడం కష్టం కాదు. ఎడమవైపు తేదీ, విమానం రకం, దాని నంబరు. తరువాత పైలట్ పేరు, తోడు వెళ్లినవారి పేరు, ఆపైన ఆ రోజు చేసిన పని. కుడివైపు ఎగిరిన గంటలు. నెల చివర పై అధికారి సంతకం. పని అన్న గడిలో మామూలుగా రెండు మూడు మాటలే ఉంటాయి. ఆ రెండు మూడు మాటల వెనక ఒక ఉదయమంతా ఉంటుంది. తోడు వెళ్లినవారి పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే పేరు వారాల తరబడి కనిపించి హఠాత్తుగా ఆగిపోతే, ఆ మనిషికి ఏమయిందో వెతకండి. సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కి ఉన్నాయి, మన భారత వైమానిక దళం వాళ్లవి కూడా. మీ తాతగారు ఎందుకు నోరు విప్పలేదో అక్కడ కొంత తెలియవచ్చు.

మా నాన్నగారి లాగ్‌బుక్‌లో అరకాన్ నెలలన్నింటా తోడు గడిలో ఒకే పేరు. ఆయన వెనక సీటులో కూర్చున్న పంజాబు మనిషి. 1944 వానాకాలానికి వెంజెన్స్‌లను యుద్ధం నుంచి తప్పించి, ఎనిమిదో స్క్వాడ్రన్‌కు స్పిట్‌ఫైర్లు ఇచ్చారు. స్పిట్‌ఫైర్‌లో ఒక్కటే సీటు. వెనకవాడికి చోటు లేదు. అలా విడిపోయినవాళ్లు మళ్లీ కలుసుకోలేదు. అయినా 1979 దాకా ప్రతి జనవరిలోనూ ఒక పోస్టుకార్డు వచ్చేది. పిల్లలు ఎలా ఉన్నారు, పంట ఎలా ఉంది, అంతే. ఆ కార్డు వచ్చిన రోజు నాన్నగారు మధ్యాహ్నం నిద్రపోయేవారు కాదు.

ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో చెబుతాను. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగేవారు. ఆవు పలుపు, బావి గిలక, పొయ్యిలో నిప్పు, వీధి గడియ, దీపం వత్తి. ఎప్పుడూ అదే వరుస. ప్రతిదాన్నీ చేత్తో ముట్టుకుని పైకి అనేవారు: పలుపు, గిలక, నిప్పు, గడియ, వత్తి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ పలుపు దగ్గర నుంచి మొదలు. మాకు అది నిద్రపాట. విమానం లేవబోయే ముందు పైలట్లు మీటలన్నీ అలాగే ఒక వరుసలో ముట్టుకుని చూసుకుంటారని నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక తెలిసింది. అమ్మకు మొదటి నుంచీ తెలుసు. ‘అడగలేదుగా’ అంది.

మీ మామ్మ చెప్పే జడల సంగతి చిన్నది కాదమ్మా. ఏ కాలంలో వేసేవారు, ఎందుకు ఆయనే వేసేవారు, ఎన్ని పాయలు, గట్టిగానా వదులుగానా, ఇవన్నీ అడగండి. అడిగేటప్పుడు ‘యుద్ధం’ అన్న మాట ఎత్తవద్దు. మామ్మ వంట చేస్తున్నప్పుడో, బియ్యం ఏరుతున్నప్పుడో పక్కన కూర్చోండి. రావలసినప్పుడు అదే వస్తుంది.

మా ఇంట్లో అది 1996లో వచ్చింది. ఆ నవంబరు 6 రాత్రి తుఫాను మన కోనసీమలో అందరికీ గుర్తే. నాన్నగారికి డెబ్బై అయిదేళ్లు. అందరినీ నడిమి గదిలో గోడవారగా కూర్చోబెట్టి, తాను గుమ్మానికి వీపు ఆనించి కూర్చున్నారు. ఒక వేళప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. మా తమ్ముడు ఆవును చూసి వస్తానని లేచాడు. నాన్నగారు చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టారు. ‘ఇది సగమే. రెండో సగం అటు నుంచి వస్తుంది’ అన్నారు. వచ్చింది.

తెల్లవారి తోటలోకి వెళ్లాం. ఎనభై నాలుగు కొబ్బరి చెట్లలో పదకొండు నిలిచి ఉన్నాయి. కొన్ని వేళ్లతో సహా లేచి పడ్డాయి, కొన్ని నడుము దగ్గర విరిగి పీచు వేలాడుతోంది. ఆకు అన్నది లేదు. మట్టలన్నీ కాలువలో. నాన్నగారు ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి, మొదలు మీద అరచెయ్యి వేసి, ముందుకు నడిచారు. నేను వెనకే ఉన్నాను. చివరి వరుసకు వచ్చాక, వెనక్కి తిరగకుండానే, ఆ పంజాబు మనిషి పేరు చెప్పి ఇలా అన్నారు:

‘కొండ మీద బాంబులు పడ్డాక అడవి ఇలా ఉండేదని అతను చెప్పేవాడు. పడిందా అని నేను అడిగేవాణ్ణి, పడింది అనేవాడు. దిగాక ఎలా ఉందో చెప్పేవాడు. నేను ఎన్నడూ చూడలేదమ్మా. ఇవాళ చూశాను.’

అంతే. కాసేపటికి, చెట్లకు ఇలా అయితే వాటి కింద మనుషులు కూడా ఉండేవారు కదా అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇద్దరం ఇంటికి వచ్చి ముందు ఆవుకు మేత ఎక్కడ దొరుకుతుందా అని వెతికాం.

ఆయన యుద్ధం గురించి నాకు తెలిసినదాంట్లో నేను అన్నిటికంటే విలువైనదిగా దాచుకున్నది ఇదే. ఇది ఏ కార్యాలయంలోనూ దొరికేది కాదు. ఆయనతో పాటు ఆ తోటలో నడిచాను కాబట్టి దొరికింది. మీ మామ్మ మీ తాతగారితో అరవై ఏళ్లు నడిచింది.

ఇక లాగ్‌బుక్. మన నేల తేమ, మన చెదలు సంగతి మీకు తెలుసు. ప్లాస్టిక్ సంచిలో చుట్టవద్దు, లోపల చెమ్మ పట్టి సిరా అలుక్కుంటుంది. లామినేషన్ అసలే వద్దు. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి ఎత్తయిన చోట పెట్టండి. మాది 1986 వరదలో మునగకపోవడానికి కారణం అమ్మ దాన్ని అటక మీద పెట్టడమే. ప్రతి పేజీకీ ఫొటో తీసి, రెండు ఇళ్లలో దాచండి. ధాన్యం లెక్కల పేజీలకు కూడా తీయండి.

వాటిని కోయవద్దని ఎందుకు అంటున్నానంటే, మా నాన్నగారి పుస్తకం చివరి పేజీలు కూడా అలాంటివే. 1946లో ఇంటికి వచ్చాక మిగిలిన పేజీలు వృథా పోకూడదని కొబ్బరి దింపు లెక్కలు అందులోనే రాశారు. గీసి ఉన్న గళ్లను మార్చలేదు. విమానం రకం అన్న గడిలో తోట పేరు. పైలట్ అన్న గడిలో ఆ రోజు చెట్టెక్కిన మనిషి పేరు. గంటల గడిలో కాయల సంఖ్య. నెల చివర అధికారి సంతకం చేసే చోట మా అమ్మ సంతకం.

1996 నవంబరు పేజీలో ఒక్కటే వరుస ఉంది. అక్షరాలు కాస్త వణికాయి. విమానం రకం అన్న గడిలో ‘కాలువ గట్టు తోట’. పైలట్ గడి ఖాళీ. గంటల గడిలో ‘84లో 11’. పని అన్న గడిలో ‘అంబాజీపేట వెళ్లి 73 మొక్కలు తేవాలి’.