విశాఖలో ఉండి జపాన్ రాక్షస బొమ్మలు సేకరించడం ఎలా మొదలుపెట్టాలి? మా అన్నయ్య ఇచ్చిన పాత గాడ్జిల్లా జిగటగా మారింది, పాడైనట్టేనా?

రెండో ప్రశ్నకి ముందు చెప్తాను, అది నాకు అనుభవం కాబట్టి. మీ అన్నయ్య ఇచ్చిన గాడ్జిల్లా పాడవలేదు. నూనె కక్కుతోంది, అంతే. ఈ బొమ్మలు చేసే వినైల్ అంటే మన నీళ్ల పైపుల్లో ఉండే పీవీసీయే, మెత్తగా ఉండాలని దాంట్లో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా పైకి ఊరుతుంది, వేడికి ఇంకా తొందరగా. మన ఊరి మే నెల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

మా మావయ్య మర్చంట్ నేవీలో చేసేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా యోకోహామా నుంచి జానెడు గాడ్జిల్లా ఒకటి తెచ్చాడు. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏట్రా ఇది, ఉడుముకి వాపొచ్చినట్టుంది" అంది. ఆ సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెడితే ఏటికొప్పాక లక్క బొమ్మల వరసలో, పెళ్లికూతురి పల్లకీ వెనకాల దీన్నీ నిలబెట్టాను, పేరంటానికొచ్చిన పిల్లలెవరూ ఇంక రాముణ్ణి చూడలేదు. కొలువు మెట్లకి ఆ ఏడాది టీవీ అట్టపెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్కలు వాడాం. పండగ అయ్యాక అమ్మ అన్నీ ఆ ముక్కలతో సహా సర్దేసి అటకెక్కించింది. మళ్లీ సంక్రాంతికి దించి చూస్తే గాడ్జిల్లా పాదాలు రెండూ థర్మోకోల్‌లోకి గోరు లోతున దిగిపోయి ఉన్నాయి, వేళ్ల ఆకారంతో సహా, ఎవరో కాల్చిన గరిటె పెట్టి అద్దినట్టు. లాగితే అరికాళ్లకి తెల్లటి బంక అంటుకుని వచ్చింది. ఎలక పని అనుకున్నాం. ప్లాస్టిసైజర్ థర్మోకోల్‌ని కరిగిస్తుందని తెలియడానికి నాకు ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

కాబట్టి మీ బొమ్మని గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో పొలుసుల సందుల్లో కూడా రుద్ది, నీడలో ఆరబెట్టండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోవద్దు, జిగటతోపాటు రంగూ పోతుంది. కొన్ని నెలలకి మళ్లీ జిగట వస్తుంది, మళ్లీ కడుక్కోవడమే. ప్లాస్టిక్ కవర్లో గాలాడకుండా బిగించి పెట్టకండి. రెండు బొమ్మలు ఒకదానికొకటి తగిలేలా కూడా ఉంచొద్దు, నా దగ్గర ఒక ఎర్ర బొమ్మ రంగు పక్కనున్న పసుపుదాని భుజానికి దిగిపోయింది, అది ఇక పోదు.

ఇక మొదలుపెట్టడం. జపాన్‌లో వీటిని 'సోఫుబి' అంటారు, సాఫ్ట్ వినైల్ అన్న మాటనే వాళ్లు కుదించుకున్నారు. గాడ్జిల్లా సినిమా 1954లోనే వచ్చినా ఈ బొమ్మల పిచ్చి పట్టుకున్నది 1966లో, 'అల్ట్రా క్యూ', 'అల్ట్రామాన్' అనే రాక్షసుల సీరియళ్లు టీవీలో వచ్చిన ఏడాది. మొదట చేసింది మారుసాన్ అనే కంపెనీ, తర్వాత బుల్‌మార్క్. 1977లో అదీ మూతపడింది. ఆ కాలం నాటి అసలు బొమ్మల ధరలు మనలాంటివాళ్లు చూసి ఆనందించడానికే. నా మాట వినండి, బాండాయ్ కంపెనీ వాళ్ల మామూలు బొమ్మలతో మొదలుపెట్టండి. పిల్లలు ఆడుకోవడానికి చేసినవే, చేత్తో పట్టుకోవచ్చు, కింద పడితే ఏడుపు రాదు. నాకైతే 'అల్ట్రా క్యూ'లోని కానెగాన్ అంటే ఇష్టం, డబ్బు పిచ్చి ముదిరిన పిల్లాడు చిల్లర పర్సులాంటి తలతో నాణేలు తినే రాక్షసుడైపోతాడు. మా ఇంట్లో అది కరెంటు బిల్లుల డబ్బా పక్కన ఉంటుంది.

కొనడానికి జగదాంబ, పూర్ణా మార్కెట్ అంతా తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోకండి, నేను తిరిగాను, డైనోసార్లు దొరుకుతాయి. జపాన్ పాత సామాన్ల షాపుల నుంచి తెప్పించుకోవడమే దారి, మందరాకే లాంటివి విదేశాలకీ పంపుతాయి. ఒక్కటి తెప్పిస్తే బొమ్మ కంటే పార్సిల్ ఖర్చే ఎక్కువ, అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకోండి. కస్టమ్స్ సుంకం గుమ్మం దగ్గర అడుగుతారు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఒకాయన 'ఒరిజినల్' అని నాకు అంటగట్టినది నకలు. పక్కన అసలుది పెట్టి చూస్తే రవ్వంత చిన్నగా ఉంది. అసలు బొమ్మ నుంచి మూస తీసి మళ్లీ పోస్తే చల్లారాక కొంచెం కుంచించుకుపోతుంది మరి. అరికాలి మీద కంపెనీ పేరు, సంవత్సరం అచ్చయి ఉంటాయి, కానీ ఆ సంవత్సరం చాలాసార్లు మొదటి మూసదే, 1983 అని ఉన్నంత మాత్రాన ఆ బొమ్మ 83లోనే తయారైందని కాదు.

తయారీ తెలిస్తే రిపేరు కూడా తెలుస్తుంది. రాగి మూసలో వినైల్ ద్రవం పోసి వేడి నూనెలో ముంచుతారు, గోడలకి ఆనుకున్నంత మేర గట్టిపడగానే మిగతాది ఒంపేస్తారు, అందుకే లోపల డొల్ల. మళ్లీ కాల్చి, చల్లార్చి, ఇంకా మెత్తగా ఉండగానే మూసకున్న చిన్న మూతిలోంచి పటకారుతో లాగేస్తారు. అంటే వేడికి ఏ ఆకారమైనా వంగుతుందన్నమాట. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12న, మా ఎంవీపీ కాలనీ ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి బీరువా మీది పెట్టెలన్నీ తడిసిపోయాయి. బొమ్మల అట్టలు పిండి ముద్దయ్యాయి, బొమ్మలకి ఏమీ కాలేదు, వాన తగ్గి ఎండ వచ్చాక, కరెంటు లేక నేనే తెలివిగా వాటిని డాబా మీద ఎండకి పెట్టాను. సాయంత్రానికి గొమోరా, 'అల్ట్రామాన్'లో ఒసాకా కోటని కూలగొట్టిన రాక్షసుడు, ఒక కాలు మడతపడి నమాజు చేస్తున్నట్టు ముందుకి వాలిపోయాడు. చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో, మరగనివి, ఆ కాలొక్కటే రెండు నిమిషాలు ముంచి, గుడ్డతో పట్టుకుని నిటారుగా చేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టాను. నిలబడ్డాడు. చేతులు, తల ఊడదీయాలన్నా ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేయాలి, చల్లగా ఉండగా లాగితే పాత వినైల్ చిట్లుతుంది.

మీ గాడ్జిల్లా అరికాలి మీద ఏం రాసి ఉందో ఫొటో తీసి పెట్టండి, ఎప్పటిదో చూద్దాం. మావయ్య తెచ్చిందానికి ఆ తెల్ల బంక ఇప్పటికీ ఉంది, నేను గీకలేదు.