ముందు అవసరాన్ని రాయించండి, నిధులు దాని వెనుక వస్తాయి

ప్రశ్న: మేము నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాము. నాది స్కిల్డ్ వర్కర్ వీసా. మా అబ్బాయి ప్రభుత్వ సెకండరీ స్కూల్లో ఇయర్ 10 చదువుతున్నాడు. లెక్కల్లో చురుకైనవాడే గానీ నలుగురి మధ్య కూర్చుని రాయలేడు. తరగతిలో గోల పెరిగితే లేచి వెళ్లిపోతాడు. ఆటిజం పరీక్షల కోసం ఏడాదికి పైగా వెయిటింగ్ లిస్టులో ఉన్నాము. తోడుగా ఒక సహాయకురాలిని పెట్టమని అడిగితే, తమకు వచ్చే 6,000 పౌండ్లు ఖర్చయిపోయాయనీ, డాక్టరు రిపోర్టు లేనిదే కౌన్సిల్ డబ్బు ఇవ్వదనీ స్కూలు వారు అంటున్నారు. వాడికి బస్సు టైం టేబుళ్లంటే ప్రాణం. కంప్యూటర్ సైన్స్ చదివించాలని మా కోరిక. పదహారేళ్లు నిండితే ఈ సాయం ఆగిపోతుందా? కౌన్సిల్‌ను నిధులు అడిగితే వీసాకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీరు చివర అడిగిన వీసా సంగతికే ముందుగా జవాబు చెబుతాను. ఆ ఒక్క భయంతో విలువైన ఏళ్లు పోగొట్టుకున్న తెలుగు కుటుంబాలను నేను చూశాను. మీ వీసా మీద ఉన్న ‘పబ్లిక్ ఫండ్స్‌కు అర్హత లేదు’ అన్న షరతు, ఇమిగ్రేషన్ నిబంధనల్లో పేరుపేరునా పేర్కొన్న భృతులకూ, కౌన్సిల్ ఇచ్చే ఇళ్లకూ సంబంధించినది. డిజెబిలిటీ లివింగ్ అలవెన్సు, పదహారేళ్ల నుంచి దాని స్థానంలో వచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంటు, యూనివర్సల్ క్రెడిట్ ఆ జాబితాలో ఉన్నాయి కనుక, ఆ షరతు ఉన్నంతకాలం వాటికి దరఖాస్తు చేయవద్దు. బడి చదువు, ఆ చదువుకు అవసరమైన ప్రత్యేక సాయం, కౌన్సిల్ తయారుచేసే ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్ ప్లాన్ ఆ జాబితాలో లేవు. బిడ్డ అవసరాలేమిటో, వాటికి ఏ సాయం అందించాలో రాసి ఉండే ఆ చట్టబద్ధమైన పత్రాన్ని అందరూ ఈహెచ్‌సీపీ అని పిలుస్తారు, దాన్ని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు.

ఇక డబ్బు సంగతి. ఇంగ్లండ్‌లో పాఠశాలల నిధులు కేంద్ర ప్రభుత్వం నుంచి ‘డెడికేటెడ్ స్కూల్స్ గ్రాంట్’ రూపంలో స్థానిక కౌన్సిళ్లకు చేరతాయి. ప్రత్యేక విద్యావసరాలున్న పిల్లల కోసం కేటాయించే భాగాన్ని ‘హై నీడ్స్ బ్లాక్’ అంటారు. మీ అబ్బాయి చదువుతున్నటువంటి మామూలు స్కూలుకు ఈ డబ్బు మూడు మెట్లలో అందుతుంది. ప్రతి విద్యార్థి పేరు మీద వచ్చే మామూలు నిధి మొదటి మెట్టు. అదనపు సాయం కోసం స్కూలు తన బడ్జెట్‌లోనుంచే ఒక్కో విద్యార్థికి ఏడాదికి 6,000 పౌండ్ల వరకు పెట్టుకోవాలన్నది రెండవ మెట్టు. అంతకు మించి ఖర్చయ్యేటప్పుడు కౌన్సిల్ తన హై నీడ్స్ బ్లాక్ నుంచి కలిపే ‘టాప్ అప్’ మూడవది.

స్కూలు వారు చెప్పిన మాటలో పొరపాటు ఈ రెండవ మెట్టు దగ్గరే ఉంది. మీ అబ్బాయి పేరు మీద 6,000 పౌండ్ల చెక్కు ఏదీ స్కూలుకు రాదు. స్కూలు మొత్తం బడ్జెట్‌లో ‘నోషనల్ సెన్ బడ్జెట్’ అని ఒక అంకె చూపిస్తారు (సెన్ అంటే ప్రత్యేక విద్యావసరాలు). పేరుకు తగ్గట్టే అది లెక్కకు మాత్రమే ఉన్న అంకె. దాన్ని ఇతర ఖర్చులకు వాడకూడదన్న కట్టుబాటు లేదు, దాంట్లో ఫలానా విద్యార్థి వాటా ఇంత అన్న పంపకమూ లేదు. కాబట్టి ‘ఆ 6,000 అయిపోయాయి’ అన్న మాటకు, మా వాడి కోసం ఏ సాయానికి, ఎన్ని గంటలకు, ఎంత ఖర్చయిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. స్కూల్లో ప్రత్యేక విద్యావసరాలను చూసుకునే టీచరు, అంటే సెన్‌కో, చాలా సందర్భాల్లో ఆ పట్టికను సిద్ధం చేయగలరు, అది రేపు మీకే సాక్ష్యంగా పనికివస్తుంది. స్కూలును పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. 2013లో పెట్టిన ఈ 6,000 పౌండ్ల పరిమితి జీతాలు పెరిగినా, ధరలు పెరిగినా కదలలేదు. అప్పట్లో ఆ డబ్బుతో దొరికిన సహాయకుల గంటలు ఇప్పుడు దొరకవు.

డాక్టరు రిపోర్టు లేనిదే కౌన్సిల్ ముందుకు రాదన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్‌లో 36వ సెక్షన్ ప్రకారం, ప్లాన్‌కు ముందు బిడ్డ అవసరాలను పరిశీలించే అసెస్‌మెంటు చేయాలా వద్దా అని తేల్చడానికి కౌన్సిల్ చూడవలసినవి రెండే. బిడ్డకు ప్రత్యేక విద్యావసరాలు ఉన్నాయా లేదా ఉండే అవకాశం ఉందా, వాటికి ప్లాన్ ద్వారా ఏర్పాటు చేయవలసిన అవసరం రావచ్చా. నిర్ధారణ పత్రం ఉంటే మంచిదే, లేకపోయినా అసెస్‌మెంటు అడిగే హక్కు పోదు. స్కూలు ముందుగా 6,000 పౌండ్లు ఖర్చు చేసినట్టు రుజువు చూపాలన్న షరతు కూడా ఆ సెక్షన్‌లో లేదు. కొన్ని కౌన్సిళ్లు దాన్ని తమ సొంత పద్ధతిగా పాటిస్తాయి గానీ, స్థానిక పద్ధతి చట్టాన్ని దాటి వెళ్లలేదు. మన కుటుంబాలకు ఉపయోగపడే మాట ఇంకొకటి ఉంది. ఇంట్లో వేరే భాష మాట్లాడతారన్న ఒక్క కారణంతో పిల్లలకు నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నట్టు లెక్కించరాదని అదే చట్టం చెబుతుంది. దాన్ని తిప్పి చదివితే, అసలైన ఇబ్బందిని ‘ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, ఇంగ్లీషు కుదిరితే అదే సర్దుకుంటుంది’ అని కొట్టిపారేయడమూ సరికాదు. మీ అబ్బాయి తెలుగులో కూడా ఇలాగే తడబడతాడా, తెలుగు పలకరింపుల మధ్య కూడా గదిలోంచి వెళ్లిపోతాడా అన్నది కౌన్సిల్‌కు పంపే ఉత్తరంలో తప్పకుండా రాయండి.

అసెస్‌మెంటు కోరే ఉత్తరాన్ని స్కూలే పంపాలని లేదు, తల్లిదండ్రులుగా మీరే కౌన్సిల్‌కు రాయవచ్చు. ఉత్తరం అందిన ఆరు వారాల్లో అసెస్‌మెంటు చేస్తామో లేదో వారు చెప్పాలి. చేస్తే, మొదటి ఉత్తరం నుంచి ఇరవై వారాల్లో తుది ప్లాన్ మీ చేతికి రావాలి. ఆచరణలో ఆ గడువు తరచూ దాటిపోతుంది కనుక, పంపిన ప్రతి ఈమెయిల్ తేదీనీ రాసి పెట్టుకోండి. తొలి జవాబు ‘కుదరదు’ అని వస్తే కుంగిపోవద్దు. హై నీడ్స్ ఖాతాల్లో లోటు పేరుకుపోయిన కౌన్సిళ్లు చాలానే ఉన్నాయి, వారి జంకుకు కారణం లేకపోలేదు, కానీ ఆ లోటు మీ అబ్బాయి హక్కును తగ్గించే వాదన కాదు. మధ్యవర్తిత్వం గురించి సలహాదారుతో మాట్లాడి సర్టిఫికెట్ తీసుకుని, నిర్ణయ లేఖ తేదీ నుంచి రెండు నెలల్లోగా, లేదా సర్టిఫికెట్ తేదీ నుంచి ఒక నెలలోగా, ఏది తరువాత వస్తే అది గడువుగా, ఇలాంటి వివాదాలను విచారించే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, తీర్పు దాకా వెళ్లిన కేసుల్లో అత్యధికం కుటుంబాలకు అనుకూలంగానే ముగుస్తున్నాయి. ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ సెండియాస్ అనే ఉచిత సలహా సేవ ఉంటుంది. ఉత్తరం పంపే ముందు వారికి ఒకసారి చూపించండి.

అసలు శ్రద్ధ పెట్టవలసిన చోటు తరువాత వస్తుంది. ముసాయిదా ప్లాన్ చేతికి రాగానే చాలామంది తల్లిదండ్రుల ధ్యాసంతా తుది ప్లాన్‌లో స్కూలు పేరు రాసే సెక్షన్ ఐ మీదే ఉంటుంది, ముసాయిదాలో అది ఖాళీగానే ఉంటుంది. మీరు సెక్షన్ ఎఫ్ తెరవండి. చదువుకు సంబంధించి బిడ్డకు ఏం అందించాలో అక్కడ రాస్తారు, అక్కడ రాసినదాన్ని సమకూర్చవలసిన బాధ్యతను చట్టంలోని 42వ సెక్షన్ నేరుగా కౌన్సిల్ మీద పెడుతుంది. బడ్జెట్ లేదన్న సాకు అక్కడ చెల్లదు. అందుకే ఆ సెక్షన్‌లోని ఒక్కో క్రియాపదమూ డబ్బుతో సమానం. ఒక కుటుంబం నా దగ్గరికి తెచ్చిన ప్లాన్‌లో ‘అవసరమైనప్పుడు పెద్దల తోడ్పాటు అందుబాటులో ఉంటే అతనికి మేలు కలుగుతుంది’ అని ఉంది. వినడానికి ఎంతో దయగా ఉన్న ఆ వాక్యం ఎవరినీ దేనికీ కట్టిపడేయదు. ఎవరా పెద్దలు, ఎన్ని గంటలు, అవసరమని తేల్చేది ఎవరు? ఆ పిల్లవాడు ఒక టర్మంతా సైన్స్ పీరియడ్లలో కారిడార్‌లో కుర్చీ మీద కూర్చునే గడిపాడు, ప్లాన్ మాత్రం ఒక్క అక్షరం కూడా ఉల్లంఘించబడలేదు. ఆ వాక్యాన్ని మేము ఇలా మార్పించాము: ‘ఆటిజంపై శిక్షణ పొందిన టీచింగ్ అసిస్టెంట్ ప్రతి సైన్స్, ఇంగ్లీషు పీరియడ్‌లో పూర్తి సమయం అతని పక్కన ఉంటారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, నిశ్శబ్దమైన గదిలో రాత పని సాధన చేయిస్తారు.’ ఇలా రాస్తే గంటలు లెక్క కట్టవచ్చు, గంటలకు ఖర్చు కట్టవచ్చు, స్కూలు ఆ ఖర్చు చూపి కౌన్సిల్ నుంచి టాప్ అప్ అడగవచ్చు. మీరు డబ్బు కోసం పోట్లాడనక్కరలేదు. గంటల కోసం పట్టుబట్టండి, ఆ డబ్బు తెచ్చుకునే పని స్కూలుకు, కౌన్సిల్‌కు మధ్య సాగుతుంది.

ఇయర్ 10లో ఉన్నాడు కాబట్టి ఇయర్ 11 చివర రాసే జీసీఎస్ఈ పరీక్షల ఏర్పాట్ల గురించి కూడా స్కూల్లో ఇప్పుడే కదపండి. చేత్తో రాయడానికి బదులు కీబోర్డు వాడటం, అదనపు సమయం, విడిగా చిన్న గది వంటివాటికి ఈహెచ్‌సీపీ ఉండాలని లేదు. అయితే మామూలు రోజుల్లో కూడా అతను అలాగే పని చేస్తున్నాడని స్కూలు చూపగలగాలి. కీబోర్డును పరీక్షకు నెల ముందు కాకుండా ఈ టర్ములోనే అలవాటు చేయించమని చెప్పేది అందుకే.

పదహారు తరువాత సాయం ఆగదు. చదువు లేదా శిక్షణ కొనసాగుతూ, అవసరం ఉన్నంతవరకు ప్లాన్‌ను పాతికేళ్ల వరకు కొనసాగించే వీలుంది. అలాగని ఇరవై అయిదు వచ్చేదాకా తప్పక ఉంటుందని అనుకోకూడదు, ప్రతి ఏటా సమీక్ష జరుగుతుంది. కాలేజీలకు కూడా నిధులు ఇవే మూడు మెట్లలో అందుతాయి, టాప్ అప్ కౌన్సిలే ఇస్తుంది. అతను ఇయర్ 11లోకి వచ్చాక, మార్చి 31లోగా తరువాతి కాలేజీ పేరుతో ప్లాన్‌ను సవరించవలసి ఉంటుంది. మీరు ఈ నెలలో ఉత్తరం పంపితే ఇరవై వారాలు, పైన కొంత ఆలస్యం కలుపుకున్నా ఆ తేదీకి ముందే ప్లాన్ సిద్ధంగా ఉంటుంది. ఇంకో ఏడాది వేచి చూద్దామంటే ఆ వెసులుబాటు ఉండదు. ఇంకొక మార్పు మన ఇళ్లలో కొంచెం మింగుడుపడదు. ఇయర్ 11 చివర, జూన్‌లో వచ్చే ఆఖరి శుక్రవారంతో నిర్బంధ విద్య వయసు ముగుస్తుంది, ఆ తరువాత ప్లాన్ మీద అడిగే హక్కు, అప్పీలు చేసే హక్కు తల్లిదండ్రులవి కాకుండా ఆ యువకుడివి అవుతాయి. అతను కోరుకుంటే మీరు తోడుండవచ్చు గానీ అతని తరఫున మీరే అన్నీ తేల్చలేరు. కాబట్టి ఇప్పటినుంచే సమావేశాల్లో అతని మాట విననివ్వండి.

కంప్యూటర్ సైన్స్ మీ కోరిక అని రాశారు, అతని కోరిక ఏమిటో రాయలేదు. టైం టేబుళ్ల మీద అంత ఇష్టం ఉన్నవాడికి రవాణా ప్రణాళిక, డేటా విశ్లేషణ వంటి దారులూ ఉన్నాయి. డిగ్రీ దారిలో వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. విశ్వవిద్యాలయంలో చేరగానే ఈహెచ్‌సీపీ ముగిసిపోతుంది. అక్కడ డిజేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్సు ఉంటుంది, అది తిరిగి కట్టవలసిన అప్పు కాదు, ఇంటి ఆదాయాన్ని చూసి ఇచ్చేదీ కాదు, కానీ స్టూడెంట్ ఫైనాన్స్ నివాస నిబంధనలకు లోబడి ఉంటుంది. మీ స్థిర నివాసం ఎప్పటికి ఖరారవుతుందో దాన్ని బట్టి డిగ్రీలో చేరే సంవత్సరాన్ని లెక్క వేసుకోవాలి. పని ద్వారా నేర్చుకునే దారిలో, ప్రధానంగా ఈహెచ్‌సీపీ ఉన్నవారికోసమే ఉద్దేశించిన సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్ ఉంది. ఆరు నెలలో, ఏడాదో ఎక్కువ కాలం ఒక సంస్థలోనే గడుపుతారు, పక్కన జాబ్ కోచ్ ఉంటారు, జీతం ఉండదు. లెక్కల్లో చురుకైన మీ అబ్బాయికి అప్రెంటిస్‌షిప్ ఇంకా బాగా అతకవచ్చు, అప్రెంటిస్‌గా చేరినా ప్లాన్ నిలిచే ఉంటుంది, అప్రెంటిస్‌షిప్‌కు ఉండే నివాస షరతులు మాత్రం శిక్షణ సంస్థను ముందే అడిగి తెలుసుకోండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్రయాణ ఖర్చును మరచిపోవద్దు. పదహారు లోపు పిల్లలకు వర్తించే ఉచిత రవాణా నియమాలు ఆ తరువాత అలాగే ఉండవు. పదహారు దాటినవారికి ఏం ఇస్తారో, ఎంత వసూలు చేస్తారో కౌన్సిల్ ప్రతి ఏటా మే 31లోగా ప్రకటించాలి. అది దొరికే చోటు, ప్రత్యేక అవసరాలున్నవారికి స్థానికంగా దొరికే సేవల వివరాలుండే కౌన్సిల్ ‘లోకల్ ఆఫర్’ వెబ్ పేజీయే, టాప్ అప్ అడిగే స్థానిక పద్ధతులు కూడా చాలాచోట్ల అక్కడే ఉంటాయి. ఏ బస్సు ఎన్ని గంటలకు ఎక్కడికి వెళ్తుందో కంఠతా వచ్చిన మీ అబ్బాయి ఒంటరిగా బస్సు ఎక్కగలడో లేదో మీరు రాయలేదు. ఎక్కలేకపోతే, ఎవరైనా తోడు వచ్చి కొన్ని వారాలపాటు అదే దారిలో అలవాటు చేసే ప్రయాణ శిక్షణను ఎన్ని వారాలు, వారానికి ఎన్నిసార్లు అన్న లెక్కతో సహా ఆ సెక్షన్ ఎఫ్‌లోనే రాయమని అడగండి.